మూడోది లేని నీళ్లు

తణూసర్ ఆడవాళ్లకు ఒక అలవాటుంది. పొరుగూరికి పెళ్లికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా, అక్కడి నీళ్లు నోట్లో పోసుకుని ఒక్క క్షణం ఆగుతారు. పైకి ఏమీ అనరు. ఆ ఆగడంలోనే అనాల్సిందంతా ఉంటుంది.

సుగన్ కంవర్ మాత్రం ఆగడంతో సరిపెట్టుకునే మనిషి కాదు. "ఈ ఏడు మీ ఊళ్లో ఉప్పు కాస్త తగ్గినట్టుందే!" అనేది, పెళ్లివారంతా వింటూండగానే.

ఆమె అనగలదు. జైసల్మేరు దాటి పాకిస్తాను సరిహద్దు వైపు ఎంత దూరం పోయినా ఎక్కడ లోతుగా తవ్వినా ఉప్పునీళ్లే. తణూసర్‌లో మాత్రం అరవై నిలువుల లోతున తీపినీళ్లు. మోట బావిలోకి దిగిందంటే పైకి లాగే ఒంటె ఇసకలో నడుచుకుంటూ నడుచుకుంటూ మేకపిల్లంత కనబడేదాకా పోవాలి. అప్పటికి తోలు మోట పైకొచ్చి తొట్టిలో గుప్పున ఒరిగేది. ఎన్ని కరువులొచ్చినా ఆ బావి ఒక్క నిలువు కూడా దిగలేదు. పాండవులు తాగిన నీళ్లని ఊరి నమ్మకం. కింద అమ్మవారి నది దాక్కుని పారుతోందని, అది తణూసర్ భాటీ రాజపుత్రుల కోసమే పారుతోందని సుగన్ కంవర్ నమ్మకం.

ఆమెకు యాభై దాటాయి. భర్త సరిహద్దు యుద్ధంలో పోయేనాటికి పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు. తనను చెల్లెలిలా చూసుకున్న తోడికోడలు పురిట్లో పోతే ఆమె కొడుకు ఖేత్‌సింహ్‌ను చంకనేసుకుని పెంచింది. ఆడవాళ్లకు సర్పంచి పదవి వచ్చిన మొదటి ఎన్నికలో ఊరు ఆమెను నిలబెట్టింది. మొహం మీద కొంగు దిగేదే కానీ, ఆ కొంగు వెనక నుంచి వచ్చే గొంతు జిల్లా ఆఫీసులో గుమాస్తాలందరికీ తెలుసు.

ఆ గొంతుకు జవాబు చెప్పగలిగినవాడు చుట్టుపక్కల ఒక్కడే, ఖారాసర్ ఆమద్ ఖాన్. వాళ్ల ఊరి లోతు తక్కువ బావుల్లో వాన తర్వాత కొన్ని నెలలు మంచినీళ్లుంటాయి. ఎండలు ముదిరాక అడుగున ఉప్పే మిగులుతుంది. అప్పుడు ఒంటెల్ని తోలుకుని తణూసర్ రావాల్సిందే. వచ్చినప్పుడల్లా వినాల్సిందే.

"రా ఆమద్ భాయ్, రా! మీ బావులు మళ్లీ అలిగాయా?"

"ఏం చెయ్యను సర్పంచ్‌సా, మావి ఆడపిల్లల్లాంటి బావులు, వేసవికి పుట్టింటికి పోతాయి. అయినా ఎవరి నీళ్లు చూసుకుని ఎవరు మీసం మెలేస్తున్నట్టు? కాలువొచ్చి ఏడేళ్లయింది. పంజాబులో గేదెలు ఈదిన నీళ్లు ఇసకలో ఇంకి మీ బావిలోకి చేరుతున్నాయట. లోకమంతా చెప్పుకుంటోంది."

సుగన్ కంవర్ చేతిలో ఉన్న మోట తాడు అలాగే ఆగిపోయింది. ఆమెను ఏమన్నా పడేది. పిసినారి అన్నారు, గయ్యాళి అన్నారు, నవ్వి ఊరుకుంది. కానీ ఆమె బావి నీళ్లు పరాయి ఊరి ఎంగిలి అన్నవాడు అంతకు ముందెవడూ లేడు.

"ఇంకోసారి అను," అంది.

"అంటే నా ఒంటెలకు నీళ్లు దొరకవు. ముందు తాగనీ, పోతూ పోతూ అంటాను," అన్నాడు ఆమద్.

మాటైతే నవ్వులాటలోనే పోయింది. అసలు దెబ్బ సొంత ఇంట్లోంచి తగిలింది.

ఖేత్‌సింహ్ మూడేళ్లు గంగానగర్ కాలువ భూముల్లో ట్రాక్టరు తోలి అంతకు ముందు చలికాలమే ఇల్లు చేరాడు. కళ్లు మూసుకుంటే వాడికి పచ్చటి ఆవచేలే. ఊరి చుట్టూ ఉన్న ఇసక చూసినప్పుడల్లా ఎవరో తనను మోసం చేసినట్టుండేది. ఫలోదీ నుంచి ఒక వ్యాపారిని, సేఠ్‌ను, వెంటబెట్టుకొచ్చాడు. గొట్టపు బావులు తానే వేయిస్తాననీ, జీలకర్ర పండించి తనకే అమ్మాలనీ ఆ సేఠ్ బేరం. పంచాయతీ ముద్ర ఒక్కటే తక్కువ. సభ పెట్టారు. ఒంటెలకు నీళ్లు పట్టడానికొచ్చిన ఆమద్ కూడా ఓ మూల గొంతుక్కూర్చున్నాడు.

"కాకీసా," అన్నాడు ఖేత్‌సింహ్. పిన్నిని అలాగే పిలిచేవాడు. "ఇన్నేళ్లలో మన బావి ఒక్క చెయ్యైనా దిగిందా? దిగలేదు. ఎందుకు దిగలేదంటే కింద నుంచి కాలువ నింపుతోంది. ఎంత తోడినా తరగదు. నాలుగు గొట్టపు బావులేస్తే ఈ ఇసకంతా పచ్చబడుతుంది."

"కాలువ రాకముందు దిగిందేంట్రా? మీ ముత్తాత నాడు దిగిందా? ఒక్క ఒంటె రోజంతా లాగితే ఎన్ని నీళ్లొస్తాయి, బావి దిగిపోడానికి?"

"మరింకేం! దిగనప్పుడు భయమెందుకు?"

"భయం కాదురా. మన బావి కాలువ ఎంగిలి అన్నమాట వెనక్కి తీసుకో."

మూల నుంచి ఆమద్ దగ్గాడు. "నేనంటే కోపమొచ్చింది. ఇప్పుడు మీ పిల్లాడే అంటున్నాడు."

"నువ్వు నోరు ముయ్యి, ఆమద్ భాయ్!"

సభంతా నవ్వింది కానీ కుర్రాళ్లు ఖేత్‌సింహ్ పక్కనే ఉన్నారు. అది సుగన్ కంవర్‌కు తెలుస్తూనే ఉంది. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన నీటిశాఖ మనిషి ఇద్దరికీ మధ్య నీళ్లు నమిలి చివరికొక మాటన్నాడు. బొంబాయి అణు ప్రయోగశాల వాళ్లు ఈ ప్రాంతమంతా నీళ్లు పరీక్షిస్తున్నారు, ఏ నీరు ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పగలరు, పిలిపిస్తే వస్తారు అని.

"యంత్రం చెప్తే ఒప్పుకుంటావా కాకీసా?" అన్నాడు ఖేత్‌సింహ్.

"ఒప్పుకుంటా. అది నా మాటే చెప్తుంది."

"కాలువ నీళ్లని తేలితే ముద్ర వేస్తావు మరి."

"వేస్తా. కాదని తేలితే ఆ సేఠ్ మళ్లీ ఈ గడప తొక్కకూడదు."

*

దీపావళి వెళ్లిన వారానికి జీపులో వచ్చినామె పేరు వసుధ కేళ్కర్. మరాఠీ మనిషి. ఎండకు మొహం కందిపోయి, జుట్టంతా ఇసకతో దిగింది. సుగన్ కంవర్ పొద్దున్నే తొలి మోట నీళ్లు ఇత్తడి బిందెలో పట్టించి, బిందెకు కుంకుమ బొట్టు పెట్టి, నడివాకిట్లో పీట మీద ఉంచింది. పెళ్లికూతురిని కూర్చోబెట్టినట్టుంది చూడ్డానికి. వసుధ అందులోంచి ఓ గ్లాసు ముంచుకుని ఆత్రంగా తాగింది.

"ఎలా ఉన్నాయి బాయీసా?"

"అమృతమే అనుకోండి. కానీ పరీక్షకు ఈ బిందె నీళ్లు పనికిరావు."

"ఎందుకు పనికిరావూ?" అంది సుగన్ కంవర్.

"పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నాయి కదా. నీళ్లు మారిపోయుంటాయి."

"నీళ్లు మారిపోడానికి అవేమైనా పాలా?"

వసుధ నవ్వి ఆ పీట పక్కనే నేల మీద కూర్చుంది. "నీళ్లలో హైడ్రోజన్ అనే సరుకు ఉంటుంది కాకీసా. అందులో మూడు రకాలు. జాతొకటే, గుణమొకటే, నాలుక మీద పెడితే రుచీ ఒకటే. బరువులోనే తేడా. మామూలుదానికి నడిమధ్య ఒక్కటే గింజ ఉంటుంది. ఆ గింజను బట్టే అది హైడ్రోజన్. రెండోదానికి ఆ గింజతో పాటు ఇంకో గింజ అంటుకుని ఉంటుంది. ఆ రెండో గింజ బరువే గానీ గుణం మార్చదు. దాన్ని డ్యుటీరియం అంటాం, రెట్టింపు బరువు. మూడోది ట్రీషియం. దానికి అదనంగా రెండు గింజలు. మూడింతల బరువు."

సుగన్ కంవర్ కొంగు సర్దుకుని ఆలోచించింది. "ఒకే మందలో ఒంటెలన్నమాట. తొడ మీద ముద్ర ఒకటే. ఒకటి ఉత్తినే నడుస్తోంది. ఒకదాని మీద బస్తా ఉంది. ఇంకోదాని మీద రెండు బస్తాలున్నాయి."

"సరిగ్గా అంతే. బస్తా బరువు ఒంటెంత!"

"ఒంటెంత బరువు బస్తా వేస్తే ఆ ఒంటె నడిచినట్టే," అన్నాడు ఆమద్ వెనక నుంచి. ఇలాంటి చోటికి అతను రాకుండా ఎలా ఉంటాడు? "మోసే ఒంటె వెనకబడుతుంది బాయీసా. నన్నడగండి, నా జీవితమంతా వాటి వెనకే పోయింది."

"నాకు కావల్సింది ఆ మాటే భాయ్! ఎండకు నీళ్లు ఆవిరయ్యేటప్పుడు ఉత్తి ఒంటెలు ముందు లేచిపోతాయి. బస్తా మోసేవి వెనక మిగిలిపోతాయి. అందుకే ఈ బిందెలో నీళ్లు పొద్దుటికంటే పిసరంత బరువెక్కుంటాయి. మబ్బు దగ్గర ఇది తిరగబడుతుంది. మబ్బు సముద్రం నుంచి కొండల వైపు పోతుంటే బరువువి దారిలోనే వానగా రాలిపోతాయి. కొండల మీదికి ఎక్కేసరికి మందలో ఉత్తి ఒంటెలే ఎక్కువ. కాలువలో వచ్చేది ఆ కొండల మంచు. అది తేలిక నీరు. మీ ఇసక మీద పడే వాన అంత తేలిక కాదు."

"మరి బస్తా ఒంటెలు ఎన్నుంటాయి మందలో?" అన్నాడు ఖేత్‌సింహ్. అప్పటిదాకా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డవాడు దగ్గరికొచ్చాడు.

"ఆరేడు వేలల్లో ఒకటి. ఆ ఒక్కటి ఎక్కువా తక్కువా అన్నదే మా యంత్రం చూసేది."

"మూడోవి?"

"అవి చాలా చాలా అరుదు. పైగా వాటికి నిలకడ లేదు. వంద ఉన్నాయనుకో, పన్నెండేళ్లు గడిస్తే యాభై మిగులుతాయి. మరో పన్నెండేళ్లకు పాతిక. తక్కినవి వేరే సరుకుగా మారిపోతాయి. ఆకాశంలో ఎప్పుడూ కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటాయి. కానీ నలభై ఏళ్ల కిందట పెద్ద దేశాలు బయట గాలిలో హైడ్రోజన్ బాంబులు పేల్చాయి. అప్పుడు లోకమంతటా వానల్లో అవి కుప్పలుగా దిగాయి. ఆ తర్వాత పడ్డ వాన ఏదైనా సరే, దాంట్లో ఆ జాడ ఉంటుంది."

ఖేత్‌సింహ్ ఛాతీ పొంగింది. "మన పోఖరన్ బాంబుదీ ఉంటుందా?" మేలో పేలిన బాంబుకి తణూసర్‌లో గిన్నెలు కదిలాయని వాడు ఊరూరా చెప్పుకునేవాడు.

"అది భూమి లోపల పేల్చారు. వానలో కలవలేదు."

"మనవాళ్లు పద్ధతి తెలిసినవాళ్లు," అన్నాడు ఆమద్.

అందరూ బావి దగ్గరికి నడిచారు. ఒంటె మేకపిల్లంత అయ్యేదాకా పోయింది. మోట పైకి రాగానే, తొట్టిలో పడకముందే వసుధ సీసా పెట్టింది. అంచు దాకా నింపి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా మూత బిగించింది. గాలిలో ఉన్న తేమ సైతం ఆ నీటితో కలవకూడదట. మూడోదాన్ని వెతకడానికి మాత్రం పెద్ద డబ్బా నింపుకుంది. అంత అరుదైనదాన్ని పట్టడానికి సీసాడు నీళ్లు చాలవట.

"మా ఊరి బావివి కూడా పట్టాలి," అన్నాడు ఆమద్ అడ్డం నిలబడి. "ఉప్పుదైనా మాదీ బావే. దానికీ ఓ వయసుంటుంది కదా!"

వసుధ పట్టుకుంది. కాలువ దగ్గరా పట్టుకుంది. వెళ్లేటప్పుడు జీపు దాకా వచ్చిన సుగన్ కంవర్ ఆ డబ్బా మీద చెయ్యి వేసి, "జాగ్రత్త, పిల్లను అత్తారింటికి పంపుతున్నా," అంది.

*

కబురు రావడానికి చలికాలమంతా పట్టింది. ఈలోపు సేఠ్ ముందుజాగ్రత్తగా ఇనప గొట్టాలు తెప్పించి ఊరి చివర పేర్పించాడు. వాటి మీద మేకలెక్కి ఆడేవి. అటు వెళ్లినప్పుడల్లా సుగన్ కంవర్ మొహం తిప్పుకునేది. ఖేత్‌సింహ్ ఆ గొట్టాలకు ఎదురుగా నిలబడి ఏ పొలం ఎక్కడో కర్రతో ఇసకలో గీసుకునేవాడు. పిన్నీ కొడుకూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని సజ్జ రొట్టె, మజ్జిగ తింటూ ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోకుండా నెలలు గడిపారు.

హోళీ వెళ్లాక వసుధే స్వయంగా వచ్చింది. ఊరంతా చేరింది. ఖారాసర్ సగం చేరింది. సేఠ్ కూడా వచ్చి కుర్చీ వేయించుకున్నాడు.

"రెండోదాని లెక్క ముందు చెప్తాను," అంది వసుధ. "మీ బావి నీళ్లు కాలువ నీళ్లకు ఎక్కడా దగ్గర్లేవు. రెండూ వేరు వేరు మందలు. ఇక మూడోది. మీ బావిలో మూడోది లేదు. ఎంత వెతికినా లేదు. అంటే బాంబుల కాలానికి ముందు నేలలోకి దిగిన నీళ్లివి. ఎంత ముందు అని ఇంకో పద్ధతిలో చూశాం. కొన్ని వేల ఏళ్లు. ఇక్కడ నిజంగానే నది పారినప్పటి నీళ్లు అయ్యుండొచ్చు."

ఎవరో డోలు మీద దెబ్బ వేశారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. బెల్లం పళ్లెం వచ్చింది. ముసలివాళ్లు మీసాలు దువ్వుకుంటూ అప్పటికప్పుడు పాండవుల్ని పేరు పేరునా తలుచుకున్నారు. సుగన్ కంవర్ కొంగు లోపల ఏడుస్తోందని ఖేత్‌సింహ్ ఒక్కడికే తెలిసింది. ఆమె భుజాలు ఎలా కదులుతాయో వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఆమద్ ఖాన్ లేచి తలపాగా సర్దుకున్నాడు. "ఓడిపోయాను సర్పంచ్‌సా. ఇన్నేళ్లూ నా ఒంటెలు పాండవుల నీళ్లు తాగాయా! అందుకే వాటికి ఆ పొగరు. నేను పిలిస్తే పలక్కపోతే ఏమో అనుకున్నా."

"ఇంకో మాట చెప్పు. గేదెల మాట."

"గేదెలు పంజాబులోనే ఉన్నాయి. ఇటు రాలేదు. ఒప్పుకున్నా."

నవ్వులు ఆగాక చూస్తే వసుధ మాత్రం నవ్వడం లేదు. బెల్లం ముక్క చేతిలోనే ఉంది.

"కాకీసా, ఇంకొకటి చెప్పాలి. మూడోది లేదంటే దానికి రెండో అర్థం కూడా ఉంది. ఈ నలభై యాభై ఏళ్లలో ఎన్ని వానలు పడ్డా, కాలువ ఎంత పారినా, మీ బావి అడుక్కి చెప్పుకోదగ్గ చుక్క చేరలేదు."

అర్థమయ్యేసరికి డోలు ఆగిపోయింది. మొదట నోరు తెరిచింది ఖేత్‌సింహ్. "అంటే తోడిందంతా తరుగే. మళ్లీ నిండదు."

"నిండదు."

"నింపిన నది?" అంది సుగన్ కంవర్.

"ఎప్పుడో ఎండిపోయింది."

సేఠ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇందులో బాధపడేదేముంది? ఎటూ నిండనిదే కదా. ఒంటెతో తోడినా తరుగే, మోటారుతో తోడినా తరుగే. మీరు దాచుకుంటే పక్కవాడు తోడుకుంటాడు. ఎండిపోయేలోపు ఇరవై పంటలు తీసుకోండి, పిల్లలు పైకొస్తారు."

కొన్ని తలలు ఊగాయి. ఆ ఊగిన తలల్ని సుగన్ కంవర్ చూసింది. ఎప్పుడూ లేనిది, పెద్దల ఎదుటే కొంగు కళ్ల పైదాకా జరిపి లేచి నిలబడింది.

"నిన్నటిదాకా నేను ఈ నీళ్లు మా కోసమే పారుతున్నాయనుకున్నా. మా కోసం కాదు. మాకు ముందు ఎన్ని తరాలు ఈ బావి తాగాయో ఆ దేవుడికే తెలియాలి. వాళ్లకు ఆకలి లేదా? పిల్లలు లేరా? కరువుల్లేవా? అయినా కడుపుకి కావల్సినంత తోడుకుని తక్కింది వదిలేశారు. వాళ్ల కోడల్ని నేను. ఇరవై పంటలకు ఊడ్చేసి, ఆ తర్వాత వచ్చే కోడలితో ఉప్పునీళ్లు తాగిస్తే నాకు ఈ ఊళ్లో నడిచే మొహం ఉంటుందా? మనిషికీ గొడ్డుకీ తాగడానికి నీళ్లుంటాయి. మన ఊరి గొడ్డుకీ, ఖారాసర్ గొడ్డుకీ. పొలానికి చుక్క లేదు. నేను సర్పంచిని కాకపోయినా, బతికున్నంత కాలం ఆ గొట్టం దిగదు. దించేవాడు ముందు నన్ను దించాలి బావిలోకి."

ముసలివాళ్లలో ఒకాయన కర్ర నేలకేసి కొట్టాడు. అది ఒప్పుకున్నట్టు. తర్వాత ఇంకో కర్ర. అలా కర్రలన్నీ మోగాయి. కుర్రాళ్లు తలలు దించుకున్నారు. మర్నాటికి గొట్టాలు లారీ ఎక్కాయి.

*

ఖేత్‌సింహ్ రెండు పూటలు ఇంటికి రాలేదు. వచ్చినప్పుడు గడపలోనే నిలబడి అన్నాడు.

"గెలిచావు కాకీసా. నాకూ గర్వంగానే ఉంది, లేదని అనను. కానీ నేనేం చెయ్యాలి? ఆ గర్వం వండుకు తినాలా? మళ్లీ గంగానగర్ పోయి పరాయివాడి ట్రాక్టరు తోలాలా?"

సుగన్ కంవర్ పొయ్యి ముందు పీట వేసింది. రొట్టె పెట్టింది. వాడు తిన్నాడు. ఆమె తినలేకపోయింది.

వసుధ వెళ్లేముందు చెప్పిన సంగతి ఒకటి ఆమె చెవిలోనే ఉంది. ఖారాసర్ బావి నీళ్లలో మూడోది నిండుగా ఉందట. అంటే ఈమధ్య పడ్డ వానే నేలలోకి దిగి అక్కడికి చేరుతోంది. ఏటికేడూ చేరుతోంది. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమద్‌ను పట్టడానికి వీల్లేకుండా పోయింది. "మీవి ముత్తవ్వ నీళ్లు, మావి పసిపిల్ల నీళ్లు" అని దారిన పోయేవాళ్లందర్నీ ఆపి చెబుతున్నాడు.

మూడో రోజు పొద్దున్నే సుగన్ కంవర్ ఒంటె ఎక్కి ఖారాసర్ వెళ్లింది. పెళ్లీ లేదు, చావూ లేదు. ఉత్తినే ఆ ఊరు వెళ్లడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆమద్ ఖాన్ మంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. నోట్లో ఆపలేదు.

"మీ బావులకు వాన నీళ్లు ఎలా చేరుతున్నాయో చూపించు, ఆమద్ భాయ్," అంది. ఆ ఒక్క మాట బయటికి రావడానికి దారంతా పట్టింది ఆమెకు.

ఆమద్‌కు వెక్కిరింత నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు. ఊరి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ రాతినేల వాలుకు అడ్డంగా పొడవాటి మట్టికట్ట ఉంది. ఖడీన్ అంటారు దాన్ని. వాన కురిసిన రెండు మూడు రోజులూ వాలు మీది నీళ్లన్నీ కట్ట వెనక చేరి నిలుస్తాయి, మెల్లగా ఇంకుతాయి. ఇంకిన తడి మీద శనగ చల్లితే మళ్లీ తడి పెట్టకుండానే పండుతుంది. కట్ట దిగువన ఉన్న బావులు ఊరతాయి.

"మేం చేసిందేం లేదు సర్పంచ్‌సా. తాతలు కట్టారు, మేం ఏటా గండ్లు పూడుస్తున్నాం. తీపి బావి లేదు కదా, పూడ్చకపోతే చస్తాం. మీ ఊరికీ ఉంది ఇలాంటిది, ఇంతకు రెట్టింపు. ఉత్తరం దిన్నెల కింద. మీ మామగారి కాలంలో కట్ట తెగింది. బావి ఉందన్న ధీమాలో మీవాళ్లెవరూ దాని మొహం చూళ్లేదు."

ఆమె ఆ కట్టను ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులతో కొలుచుకుంటూ నడిచింది. మామగారి మీద మాట పడ్డా ఈసారి కోపం రాలేదు.

కరువు పనుల కింద ఉత్తరం దిన్నెల కట్టకు మట్టి పని రాయించడానికి జిల్లా ఆఫీసులో గుమాస్తాలు మళ్లీ ఆ గొంతు విన్నారు. ఖేత్‌సింహ్ మొదట అయిష్టంగానే కట్ట చూడ్డానికి వచ్చాడు. తెగిన చోట నిలబడి, వాలు చూసి, కట్ట వెనక పరుచుకున్న నల్లమట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. వెళ్లి ట్రాక్టరు అద్దెకు తెచ్చాడు. ఖారాసర్ నుంచి కట్ట పని తెలిసిన ముసలివాళ్లు వచ్చారు. నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే దారి ఎక్కడ వదలాలన్న దాని మీద వాళ్లకూ ఖేత్‌సింహ్‌కూ రోజూ తగాదాయే. రోజూ వాళ్లే గెలిచేవాళ్లు.

ఆ ఏడు వాన పడలేదు. కొత్త కట్ట వెనక ఇసక మాత్రం చేరింది. గంగానగర్ బస్సెక్కమని ఖేత్‌సింహ్‌ను వేళాకోళం చేసినవాళ్లున్నారు. వాడు పోలేదు. ఒంటె మోట తోలాడు, మేకలు కాశాడు, చేరిన ఇసకను తట్టలతో ఎత్తిపోశాడు.

రెండో ఏడు శ్రావణంలో ఓ మధ్యాహ్నం పడమట నల్లగా కమ్మింది. సాయంత్రానికి దిన్నెల వాలు మీద నీళ్లు బుసకొడుతూ దిగి వచ్చాయి. ఊరంతా కట్ట మీదే నిలబడి, ఏ చోట కాస్త చెమ్మ కనిపిస్తే అక్కడ మట్టి వేస్తూ తడిసి ముద్దయింది. కట్ట నిలిచింది. తెల్లారేసరికి ఎప్పుడూ ఇసక తప్ప చూడని పిల్లలు అన్ని నీళ్లు ఒకేచోట చూసి, లోపలికి దిగడానికి భయపడి ఒడ్డున కూర్చున్నారు.

నీళ్లు ఇంకాక ఖేత్‌సింహ్ శనగ చల్లాడు. చలికాలానికి దిన్నెల కింద పచ్చటి ముక్క ఒకటి పరుచుకుంది. గంగానగర్‌తో పోలిస్తే అది చాపంత. కానీ వాడు దాని చుట్టూ రోజూ రాజ్యం చుట్టూ తిరిగినట్టు తిరిగేవాడు. వసుధ మళ్లీ వచ్చినప్పుడు, కట్ట దిగువన కొత్తగా తవ్విన చిన్న బావిలో సీసా ముంచింది వాడే. అంచు దాకా నింపి, ఎండకు ఎత్తి చూసి, బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపాడు.

"ఇందులో మూడోది ఉంటుంది కదా, బాయీసా?"

"ఉండకపోతే నా యంత్రం మార్చుకుంటాను."

"ఇది ఎవరి ఎంగిలీ కాదు," అన్నాడు వాడు మూత బిగిస్తూ. "మొన్న శ్రావణంలో మా నెత్తి మీద పడిందే."

శనగ కాయ ముదరగానే కట్ట మీద మంట వేసి, మొక్కలు మొక్కలుగా కాల్చి, రెండు ఊళ్లవాళ్లూ నల్లబడ్డ చేతులతో వలుచుకు తిన్నారు. ఆ మబ్బు ముందు ఖారాసర్ మీద కమ్మిందనీ, తామే దయతలిచి ఇటు పంపామనీ ఆమద్ ఖాన్ మొదలుపెట్టాడు. అది తణూసర్ దిన్నెను చూసే ఆగిందని ఖేత్‌సింహ్ లేచాడు. మాటలో మాట, వేళ్లు చూపించుకోవడం, ముసలివాళ్లు రెండు పక్షాలుగా చీలడం, సాక్షులకు కబురు పంపడం అన్నీ అయ్యాయి. ఖేత్‌సింహ్ గొంతు దిన్నెల అవతలి దాకా వినిపిస్తోంది.

సుగన్ కంవర్ కొంగు చాటున కాయలు వలుచుకుంటూ వింది. పక్కన కూర్చున్న ఆడవాళ్లతో అంది. "మా పిల్లాడే. చూడండి, ఎలా మాట్లాడుతున్నాడో!"